ప్లగ్గులో పచ్చ తీగ

రాష్ట్రం రెండుగా విడిపోయిన మూడో ఏడు, ఏప్రిల్ ఎండల్లో, జమ్మలమడుగులో ఒక ఓణీల ఫంక్షన్‌కు మా ఆర్కెస్ట్రాను మాట్లాడుకున్నారు. పొద్దున పదింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం భోజనాలయ్యే దాకా పాడాలి. ఆ రోజు నేను బేస్ గిటార్ పట్టుకుని కూర్చున్నాను కానీ ఒక్క పాట కూడా వాయించలేదు. ఆ సంగతే చెబుతాను. నాది మూడో తరగతి చదువు. నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు రాస్తోంది. నా మాటను మెత్తగా చేయొద్దని దానికి ముందే చెప్పాను.

గిటార్ అనగానే అందరికీ ఆరు తీగలదే గుర్తుకొస్తుంది. బేస్‌కు నాలుగే తీగలు, బాగా లావు. దాని మోత పాటలో విడిగా వినపడదు. డ్రమ్ము దెబ్బతో కలిసి పాటకు అడుగున ఉంటుంది. అది ఆగిపోతే మాత్రం ఏదో తగ్గిందని అందరికీ తెలుస్తుంది, ఏది తగ్గిందో తెలియదు. ఆర్కెస్ట్రాలో కూడా మా స్థానం అంతే. కీబోర్డు వాయించే వీరన్న లీడరు. ఏ పాట తర్వాత ఏ పాట, ఎవరు ఎక్కడ కూర్చోవాలి, అన్నీ ఆయనే చెప్పాలి. ఆయన తర్వాత పాడేవాళ్ళు. తర్వాత ప్యాడ్స్, డోలక్ వాయించేవాళ్ళు. అందరి తర్వాత బేస్. మైకులో పేర్లు చదివేటప్పుడు నా పేరు చివర వచ్చేది, చాలాసార్లు మరిచిపోయేవాళ్ళు. ఆడమనిషి గిటార్ పట్టుకుందని జనం చూడటం మాత్రం మరిచిపోలేదు.

నా భర్త ఓబులేసు అందులో ముఖ్యమైన గాయకుడు. ప్రొద్దుటూరులో మా ఇంట్లో మగ్గం ఉండేది. పెళ్ళయ్యాక పదేళ్ళు నేను చీరలు నేశాను. ఆర్కెస్ట్రాలో బేస్ వాయించే అతను బెంగళూరు వెళ్ళిపోయి ఆరు నెలలైనా మనిషి దొరకలేదు. అప్పుడు ఓబులేసు నన్ను కూర్చోబెట్టాడు.

"మగ్గం తొక్కే కాలికి తాళం తెలుసు మే. చేతికి నేర్పిస్తే సాలు," అన్నాడు.

స్వరాల పేర్లు చెప్పలేదు. గిటార్ మెడ మీద గళ్ళుంటాయి. వాటి పక్కన గోళ్ళరంగుతో చుక్కలు పెట్టి, ఏ పాటకు ఏ చుక్క దగ్గర మొదలుపెట్టాలో నేర్పాడు. మిగతాది వీరన్న చూసుకునేవాడు. కీబోర్డు వెనకాల ఎడమ చేతి వేళ్ళు చూపించేవాడు. ఒక వేలు చూపిస్తే మొదలుపెట్టిన గడికి రావాలి, నాలుగు చూపిస్తే నాలుగో స్వరానికి, అయిదు చూపిస్తే అయిదో స్వరానికి పోవాలి. కాగితం చూసి వాయించే వాళ్ళు కడప జిల్లా ఆర్కెస్ట్రాల్లో నాకు ఎదురుపడలేదు. అందరం వేళ్ళు చూసే వాయించాం.

నా గిటార్ ముందు వాయించిన అతనిదే. అతని మోచెయ్యి ఆనిన చోట రంగంతా పోయింది. బేస్ తీగలు కొన్ని నెలలు వాడితే చేతి చెమట పట్టి మొద్దుబారతాయి. కొత్తవి మద్రాసు నుంచి రావాలి. అందాకా పాతవాటిని విప్పి, నీళ్ళలో పావుగంట ఉడకబెట్టి, తుడిచి మళ్ళీ బిగిస్తే మోత తిరిగొస్తుంది. మొదటిసారి అలా ఉడకబెడుతుంటే మా అత్త పొయ్యి దగ్గరికి వచ్చి చూసి, "ఏమ్మే, ఈ పొద్దు ఇనప తీగల పులుసా? ముక్కలు మెత్తబడినాయో లేదో నొక్కి సూడు," అంది.

పాటల విషయంలో నాకూ ఓబులేసుకూ పడేది కాదు. నిదానంగా నడిచే పాత పాటలు నాకు ఇష్టం. వాటిలో బేస్ తన దారిన తాను నడుస్తుంది, పాడేవాడు ఆగిన చోట రెండు అడుగులు ఎక్కువ వేస్తుంది. ఇప్పటి పాటల్లో ఒకటే గడి మీద పాట అయ్యేదాకా దంచాలి. ఓబులేసుకు అవే కావాలి. జనం ఈలలు వేస్తే తప్ప పాట పాడినట్టు కాదు ఆయనకు. ఇంట్లో రేడియో పెట్టినా ఆయన గొంతు వినేవాడు, నేను అడుగున ఉన్నది వినేదాన్ని.

శ్రుతి చేయడం ఒక్కటి నాకు సరిగా రాలేదు. అందుకని ప్రతి కచేరీకీ మొదటి పాటకు ముందు ఆయనే నా దగ్గరికి వచ్చేవాడు. ఎడమ చేతిలో మైకు పట్టుకుని హలో హలో అని దాన్ని పరీక్షిస్తూనే, కుడి చేత్తో గిటార్ చివర తీగలు బిగించే కీలు తిప్పేవాడు. నేను తీగ మీటేదాన్ని. రెండు పనులూ ఒకేసారి అయిపోయేవి. ఆ అలవాటు మా ఆర్కెస్ట్రాలో అందరికీ తెలుసు.

ఇక్కడ కరెంటు సంగతి కొంచెం చెప్పాలి. బేస్ మోత ఒక పెద్ద డబ్బాలోంచి వస్తుంది. దాన్ని ఆంప్ అంటారు. దాని ప్లగ్గుకు మూడు పిన్నులు. మూడోది ఎర్త్. ప్లగ్గు లోపల ఆ పిన్నుకు పచ్చ తీగ ఉంటుంది. డబ్బాలో ఎక్కడైనా కరెంటు కారితే అది ఆ పచ్చ తీగ గుండా భూమిలోకి పోతుంది, ఫ్యూజు కొట్టేస్తుంది. పచ్చ తీగ లేకపోతే అది డబ్బా వైరు గుండా గిటార్ తీగల్లోకి, కీలల్లోకి వస్తుంది. అయితే మైకుల మిషను ఒక బోర్డులోనూ, నా డబ్బా ఇంకో బోర్డులోనూ పెడితే, రెండు ఎర్త్‌లకూ పొసగక డబ్బాలోంచి గుయ్ మని ఒక మోత వస్తుంది. అన్నింటినీ ఒకే బోర్డుకు తెచ్చుకోవడం దానికి సరైన మందు. అంత పొడుగు వైరు ఎవరి దగ్గరా ఉండదు. కాబట్టి మా వాళ్ళు చాలామంది ప్లగ్గు విప్పి పచ్చ తీగ కత్తిరించేస్తారు. వెంటనే గుయ్ మోత పోతుంది. ఓబులేసు మాత్రం ఆ పని నన్ను చేయనివ్వలేదు. "మోత ఉంటే ఉండనీ, పచ్చ తీగ జోలికి పోవద్దు," అని నేర్పిన మొదటి రోజే చెప్పాడు.

జమ్మలమడుగు కచేరీకి వారం ముందు పులివెందులలో ఒక రిసెప్షన్‌లో వాయించాం. ఆ రోజు గుయ్ మోత బాగా ఎక్కువగా ఉంది. పాట మొదలుపెట్టే ముందు వీరన్న మైకులోనే, "ఏం గంగక్కా, డబ్బాలో తుమ్మెదల్ని పెట్టుకొనొచ్చినావా?" అన్నాడు. ముందు వరసలో నవ్వారు. వెనక నుంచి ఒకాయన, "పిండి మిల్లు అనుకుంటిని గదప్పా, జొన్నలు తెచ్చుకుందునే," అని అరిచాడు. మళ్ళీ నవ్వారు. ఓబులేసు కూడా నవ్వాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

మరుసటి రోజు ఓబులేసు క్షవరానికి వెళ్ళినప్పుడు నేను ప్లగ్గు విప్పాను. పచ్చ తీగ కత్తిరించి, వెనక్కి మడిచి, నల్ల టేపు చుట్టి, మళ్ళీ మరలు బిగించాను. పైకి ఏమీ తెలియదు. మూడు పిన్నులూ మూడు పిన్నుల్లాగే ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. ఈసారి వీరన్న ఏమంటాడో చూద్దాం అనుకున్నాను.

జమ్మలమడుగులో ఫంక్షన్ ఇంటి పక్క ఖాళీ స్థలంలో షామియానా వేశారు. బల్లలు కలిపి, పైన జంఖానా పరిచి స్టేజి చేశారు. మైకులు, కరెంటు పని టెంట్‌హౌస్ మనిషి మస్తాన్‌ది. ముప్పై ఏళ్ళవాడు. ఎన్నో కచేరీల్లో కలిసి పనిచేశాం. కువైట్ వీసా వచ్చి ఉంది, ఇరవై రోజుల్లో ప్రయాణం. మేము వెళ్ళేసరికి అతను కొళాయి పక్కన ఇనప కడ్డీ భూమిలోకి దిగ్గొడుతున్నాడు. ఎర్త్ కోసం అలా కొట్టి, చుట్టూ నీళ్ళు పోసి, మైకుల మిషను ఎర్త్ వైరును దానికి కడతారు.

"గంగక్కా, ఆ చెంబు అందియ్యి," అన్నాడు. నీళ్ళ చెంబు నేనే అందించాను.

"ఇంక ఇరవై దినాలే అక్కా. తర్వాత నీ పాటలు ఎవురు వింటారో ఏమో."

"పో అబ్బా. కువైట్లో ఒంటెలకు మైకులు పెట్టుకోపో," అన్నాను.

"ఒంటెలు నయం అక్కా. మీ వీరన్న మాదిరి ఎకో పెంచు, ఎకో పెంచు అని అరవవు."

మైకుల మిషను మస్తాన్ బోర్డులో పెట్టారు. నా వైరు అంతదూరం రాక, డబ్బా ప్లగ్గును ఇంటి వరండా బోర్డులో పెట్టాను. స్విచ్ వేస్తే గుయ్ మోత లేదు. వీరన్న తల తిప్పి చూసి, "తుమ్మెదలు లేచిపాయనే," అన్నాడు. నాకు సంతోషమైంది.

తీగల మీద చెయ్యి వేస్తే వేళ్ళకు చీమలు పాకినట్టు అయింది. ఫంక్షన్లలో అట్లాంటివి మామూలే. బల్లలు చెక్కవి కాబట్టి నాకు అంతకంటే ఎక్కువ తెలియలేదు. చేతులు కొంగుకు తుడుచుకుని కూర్చున్నాను. ఆ మాట నోరు తెరిచి ఒక్కరితో అనుంటే సరిపోయేది.

ఓబులేసు మైకు పట్టుకుని వచ్చాడు. ఓణీ కట్టుకున్న పాప ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. చుట్టాలు అక్షింతలు వేస్తున్నారు. "హలో, హలో. గంగీ, లావు తీగ కొట్టు," అన్నాడు. కొట్టాను. ఆయన కుడి చెయ్యి ఇనప కీ మీద వేశాడు. హలో అనే మాట సగంలో ఆగిపోయింది. మైకు గుండెకు ఆనుకుపోయింది. మనిషి వంగిపోయి వణుకుతున్నాడు. పాటల మధ్య జనాన్ని నవ్వించడానికి తాగుబోతు వేషాలు, ముసలివాళ్ళ వేషాలు వేసేవాడు. అదే అనుకుని ముందు వరసలో నవ్వారు. ఇద్దరు పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను కూడా ఒక్క క్షణం ఇదేం వేషం అనుకున్నాను.

ముందు తెలుసుకున్నది మస్తాన్. బల్ల మీదికి దూకి, గిటార్‌లోంచి డబ్బాకు పోయే వైరు పీకేశాడు. ఓబులేసు నా కాళ్ళ దగ్గర పడ్డాడు. జమ్మలమడుగు ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోయాం. డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, ప్రాణం పోయిందని చెప్పాడు.

ఆసుపత్రి ఆవరణలో వేపచెట్టు కింద వీరన్న నా దగ్గరికి వచ్చాడు. "నువ్వేం మాట్లాడొద్దు గంగక్కా. కరెంటు టెంటోళ్ళది, ఎర్తు టెంటోళ్ళది. మన డబ్బాకు మూడు పిన్నులూ బాగుండాయి, పోలీసోళ్ళకు నేనే సూపిచ్చినా," అన్నాడు. మూడు పిన్నులు అన్న మాట వినగానే జరిగింది ఏమిటో నాకు మొత్తం అర్థమైంది. నేను ఏమీ మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నమే మస్తాన్‌ను స్టేషన్‌కు తీసుకుపోయారు. అజాగ్రత్త వల్ల చావు అని అతని పేరు మీద కేసు రాశారు. పాస్‌పోర్టు తీసుకున్నారు. రోజూ పొద్దున పిలిపించి, సాయంత్రం దాకా కూర్చోబెట్టి పంపేవాళ్ళు.

మూడో రోజు మస్తాన్ భార్య ప్రొద్దుటూరు వచ్చింది. మా అత్త ఆమెను వాకిట్లోకి రానివ్వలేదు. "నా కొడుకును మింగినోళ్ళు నా గడప తొక్కుతారా?" అని అరిచింది. ఆమె వీధిలోనే నిలబడి నాతో మాట్లాడింది. గొంతు పెంచలేదు.

"అక్కా, నీ దుఃఖం మాకు తెలవంది కాదు. ఆయప్ప కడ్డీ దిగ్గొట్టింది నువ్వు సూసినావంట. నీళ్ళు నువ్వే అందిచ్చినావంట. ఆ ఒక్క మాట ఎస్సైకి చెప్పక్కా. ఇంకేం వద్దు."

"నాకు గ్యాపకం లేదు," అన్నాను.

"సరే అక్కా," అని బస్సుకు వెళ్ళిపోయింది. నేను చేసిన పని నాకు తెలుసు, నా మొగుడు ఎందుకు చచ్చిపోయాడో తెలుసు. అయినా ఆ మాట అన్నాను. నేను చెబితే మొగుణ్ణి చంపినదాన్ని అవుతాను. చెప్పకపోతే ఆ పేరు మస్తాన్ మోస్తాడు. ఆ రోజు కూడా నేను ఆ రెండోదే ఎంచుకున్నాను. ఆ రోజు అన్నం తినబోతే ఆ చెంబే కళ్ళ ముందుకు వచ్చింది.

అయిదో రోజు వాంగ్మూలం ఇవ్వడానికి నన్ను స్టేషన్‌కు రమ్మన్నారు. ఓబులేసు అన్న, మా బావ, బండి మీద తీసుకుపోయాడు. దారి మధ్యలో బండి ఆపి, "ఎర్తు లేదని చెప్పు. ఒకటే మాట. మళ్ళీ మార్చొద్దు," అన్నాడు.

స్టేషన్‌లో నా డబ్బా, మైకుల మిషను, మైకు నేల మీద పెట్టి ఉన్నాయి. కరెంటు ఆఫీసు నుంచి లైన్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఫంక్షన్ ఇంటి దగ్గర కడ్డీని మీటరు పెట్టి చూసి వచ్చానని ఎస్సైకి చెబుతున్నాడు. "ఎర్తు శానా బాగుండాది సార్. మైకు అంత గట్టిగా భూమిని పట్టుకునింది కాబట్టే ఆ మనిషి గుండెలో నుంచి పోయింది. అసలు కరెంటు యాడ నుంచి వచ్చిందో అదే తెలవడం లేదు," అన్నాడు. మస్తాన్ గోడ దగ్గర చెప్పులు లేకుండా కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

రైటరు ముందే రాసి పెట్టిన కాగితం చదివాడు. టెంట్‌హౌస్ వాళ్ళు ఎర్త్ సరిగా వేయలేదని నేను చెప్పినట్టు అందులో ఉంది. "సంతకమా, వేలిముద్రా?" అని అడిగాడు.

"ప్లగ్గు విప్పండి సార్," అన్నాను.

బావ నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. విదిలించుకున్నాను. లైన్ ఇన్‌స్పెక్టరు జేబులోంచి టెస్టరు తీసి మరలు విప్పాడు. మూత తీస్తే, మడిచిన పచ్చ తీగ, దాని మీద నల్ల టేపు.

"ఎవురు చేసినారు?" అన్నాడు ఎస్సై.

"నేనే సార్."

"ఎందుకు?"

"గుయ్ మంటాంది సార్."

ఎస్సై లైన్ ఇన్‌స్పెక్టరు వైపు చూశాడు. మళ్ళీ నా వైపు తిరిగి, "అంతేనా?" అన్నాడు.

"అంతే సార్."

బావ లేచి, "ఇంక నువ్వు మా ఇంటి దిక్కు రావద్దు," అని బండి తీసుకుని వెళ్ళిపోయాడు. రైటరు ఆ కాగితం చించి కొత్తది రాయడం మొదలుపెట్టాడు. మస్తాన్ నా ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. కోపం లేని గొంతుతోనే అడిగాడు.

"నాలుగు దినాలు ఏం చేస్తాంటివి అక్కా?"

రైటరు రాసిన కొత్త కాగితం మీద సంతకం చేశాను.

మొదటి రోజే చెప్పి ఉంటే అతని పేరు కాగితంలోకి ఎక్కేదే కాదు. ఎక్కిన పేరు తీసేసరికి రెండు నెలలు దాటింది. పాస్‌పోర్టు చేతికి వచ్చేసరికి ఆ వీసా గడువు అయిపోయింది, ఆ ఉద్యోగంలో ఇంకొకరు చేరిపోయారు. మళ్ళీ వీసా రాలేదు. అతను టెంట్‌హౌస్‌లోనే ఉండిపోయాడు. కేసు నా మీదికి మారింది. రెండేళ్ళు జమ్మలమడుగు కోర్టుకు తిరిగాను. జడ్జి నేరం ఒప్పుకుంటావా అని అడిగితే ఒప్పుకున్నాను. జరిమానా వేసి వదిలారు. నా బట్టలు, గిటార్ తీసుకుని ప్రొద్దుటూరులోనే మైదుకూరు రోడ్డు పక్క ఒక గది తీసుకున్నాను.

ఏడాది తర్వాత వీరన్న మళ్ళీ పిలిచాడు. బేస్ వాయించే మనిషి వేరే దొరకలేదు, నాకు వేరే పని లేదు. ఎడమ చేతి వేళ్ళ కీళ్ళు బిగుసుకుపోయే దాకా ఆరేడేళ్ళు వాయించాను. శ్రుతి చేసుకోవడం నేర్చుకున్నాను. జమ్మలమడుగు వైపు కచేరీ అయితే కరెంటు పని మస్తాన్‌దే. వచ్చిన ప్రతిసారీ ముందు నా ప్లగ్గు అడిగి తీసుకునేవాడు. అందరి ముందూ మరలు విప్పి, పచ్చ తీగను వేలితో లాగి చూసి, మళ్ళీ బిగించి ఇచ్చేవాడు. అంతసేపూ నేను పక్కన నిలబడేదాన్ని. కొత్తగా చేరినవాళ్ళు ఎందుకని అడిగితే అతను చెప్పలేదు, నేనే చెప్పాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది కొంచెమే. పచ్చ తీగ కత్తిరించకండి. చేతికి చీమలు పాకినట్టుంటే వెంటనే స్విచ్ ఆపి, గట్టిగా అరిచి అందరికీ చెప్పండి. తప్పు చేస్తే చేసిన రోజే చెప్పండి, మరుసటి రోజుకు అది ఇంకొకరి మీద పడి ఉంటుంది. గుయ్ మోత సంగతికొస్తే, అది పాట మొదలుకాక ముందు అయిదు నిమిషాలే వినపడుతుంది. పాట మొదలయ్యాక కింద కూర్చున్నవాళ్ళకు వినపడదు, వాయించేవాళ్ళకూ వినపడదు. ఆ అయిదు నిమిషాలు ఎవరేమన్నా ఓర్చుకోవాలి.